మాఘంలో మదనపల్లె... నడిచేవాళ్ల కోసం

ఏప్రిల్ వచ్చిందంటే ఇంగ్లండులో ఉన్న మనవాళ్లు పంపే వాట్సాప్ ఫొటోలు మారిపోతాయి. అంతదాకా మంచు, గొడుగులు, నల్లకోట్లు. ఇక అప్పట్నుంచి అడవి నేలంతా పరిచినట్టు నీలిరంగు బ్లూబెల్ పూలు, రాతి గోడల పక్కన గొర్రెపిల్లలు, బురద పట్టిన బూట్లతో నవ్వుతూ నిలబడ్డ తిరుపతి అమ్మాయి. 'రెండు రోజుల్లో ఇరవై మైళ్లు నడిచాం' అని కింద ఒక లైను. ఇక్కడ చూసిన పెద్దవాళ్లకు ఒకటే అనుమానం. ఊరికే నడవడానికి సెలవు పెట్టడమేంటి?

మన దగ్గర నడక మూడు రకాలే. డాక్టరు చెప్తే నడిచేది, మొక్కుకుని నడిచేది, బస్సు రాక నడిచేది. ఊరికే, చుట్టూ చూసుకుంటూ, రాత్రికి ఒకచోట పడుకుని తెల్లారి మళ్లీ నడిచే నాలుగో రకం మనకు అలవాటు లేదు. అలవాటు చేసుకోవాలనుకుంటే పాత చిత్తూరు జిల్లాలో మంచి చోటు మదనపల్లె. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు అది అన్నమయ్య జిల్లాలోకి వెళ్లింది కానీ, మన నోటికి ఇంకా చిత్తూరు జిల్లాయే.

మొదట తేదీల సంగతి. పంచాంగం ప్రకారం వసంతం ఉగాదితో మొదలవుతుంది. దాన్ని నమ్మి చైత్రంలో బయల్దేరితే పదిగంటలకే తల మాడుతుంది. కాళ్లకు పనికొచ్చే వసంతం మాఘ, ఫాల్గుణ మాసాలు. అంటే జనవరి చివర్నుంచి మార్చి మొదటి వారాల దాకా. మదనపల్లె సముద్ర మట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తున ఉంది కాబట్టి తిరుపతిలో ఫ్యాను వేసుకునే రోజుల్లో కూడా ఇక్కడ పొద్దున స్వెట్టరు కావాలి. మామిడి తోటలు పూత మీద ఉంటాయి. ఆకు రాల్చిన గుట్టల మీద కొండగోగు పసుపుపచ్చగా, మోదుగ ఎర్రగా పూస్తాయి. ఊళ్లలో చింతకాయ రాల్చే కాలం కూడా అదే. అరుగుల మీద ఆడవాళ్లు చింతపండు కొడుతుంటారు.

ఈ ఊరికీ ఇంగ్లండుకూ పాత చుట్టరికమే. జిడ్డు కృష్ణమూర్తి 1895లో పుట్టింది ఇక్కడే. ఆయన 1969లో ఇంగ్లండులో బ్రాక్‌వుడ్ పార్క్ బడి పెట్టింది హాంప్‌షైర్ పల్లెసీమల్లో. వించెస్టర్ నుంచి సముద్రం దాకా వంద మైళ్లు సాగే సౌత్ డౌన్స్ కాలిబాట ఆ చుట్టుపక్కల నుంచే పోతుంది. ఇక 1919లో రవీంద్రుడు మదనపల్లె బీసెంట్ కాలేజీలో కొన్నాళ్లు ఉండి జనగణమనకు ఇంగ్లీషు అనువాదం రాసుకున్నాడు. ఐర్లండు నుంచి వచ్చిన మార్గరెట్ కజిన్స్ స్వరం కట్టడంలో సాయం చేసింది. బస్సు దిగి టిఫిను తినగానే ఆ కాలేజీ వైపు ఒకసారి నడవండి, కాళ్లు సాగుతాయి.

మొదటి రోజు హార్స్‌లీ కొండ. దీని అసలు పేరు ఏనుగు మల్లమ్మ కొండ. ఏనుగుల మధ్య పెరిగి, కొండమీద చెంచులకు రోగమొస్తే మందిచ్చిన మల్లమ్మ పేరది. కడప కలెక్టరు డబ్ల్యూ.డి. హార్స్‌లీ ఎండలకు తట్టుకోలేక పైన బంగళా కట్టుకున్నాక మల్లమ్మ వెనక్కి పోయింది, దొర ముందుకొచ్చాడు. ఊరివాళ్లు ఇప్పటికీ కొండమీద మల్లమ్మకే మొక్కుతారు, అదొక తృప్తి. ఎత్తు 1,265 మీటర్లు. అందరూ కార్లో పైకెళ్లి, గాలిబండల దగ్గర సెల్ఫీ దిగి, బజ్జీలు తిని వచ్చేస్తారు. నా సలహా వేరే. పైకి బస్సులోనే పోండి, ఒక రాత్రి ఉండండి. తెల్లవారి ఆరింటికి గాలిబండల మీద మీరూ గాలీ తప్ప ఎవరూ ఉండరు. 1859లో నాటిన కల్యాణి అనే నీలగిరి చెట్టును, గంగోత్రి చెరువును చూసుకుంటూ పైన ఒక చుట్టు చుట్టండి. పసుపుపచ్చ గొంతు పికిలిపిట్ట ఒకటుంది, దక్షిణాదిలో రాతిగుట్టల మీద తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా కనపడదు. ఈ బండల్లో పొద్దున్నే ఓపిగ్గా కూర్చుంటే కనపడొచ్చు. తర్వాత ఘాట్ రోడ్డు మీద నడుచుకుంటూ దిగండి. మోకాలి నొప్పులున్నవాళ్లు మాత్రం దిగేటప్పుడు కూడా బస్సే మేలు. ఎక్కడం కంటే దిగడమే మోకాలికి కష్టం.

రెండో రోజు కింద పల్లెల్లో. ఋషివ్యాలీ బడి ఉన్న లోయ చుట్టుపక్కల రాగి చేలు, టమాటా మడులు, నల్లటి గుండ్లు పేర్చినట్టుండే గుట్టలు. అది బడి, టూరిస్టు స్పాటు కాదు. ముందుగా అనుమతి అడగకుండా లోపలికి పోకూడదు. బయటి ఊళ్ల మధ్య నడవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదనుకుంటాం. చిక్కొచ్చేది అక్కడే.

పోయిన ఫాల్గుణంలో నేను ముగ్గురు స్నేహితులతో ఒక ఊరి నుంచి పక్క పల్లెకు బండిదారి పట్టాను. రెండు కిలోమీటర్లు పోయాక ఎదురుగా రాతి కూసాలు, ముళ్ల కంచె. లోపల కొత్తగా పెట్టిన మామిడి తోట. గొర్రెలు తోలుకొచ్చిన పెద్దాయన మమ్మల్ని చూసి నవ్వాడు.

'యాడికి పోతా ఉండారు సామీ?'

'ఆ పల్లెకే తాతా. దారి ఇదే కదా?'

'మా నాయిన కాలం నుంచీ ఇదే. ఇప్పుడు తోట గలాయన మూసేసినాడు. మేం గుట్ట చుట్టుకొని పోతా ఉండాం. నడిసేటోళ్లు యాడుండారు, అందరికీ మోటర్ సైకిళ్లేనంటాడు ఆయన. మా గొర్రెలకి మోటర్ సైకిల్ ఎక్కను రాదు కదా!'

ఆ చుట్టు తిరగడానికి మాకు గంట పట్టింది. మాకైతే అది విహారం. ఆ తాతకు రోజూ రెండు పూటలా గంట. కూలికి పోయే ఆడవాళ్లకూ అంతే. మనకు నడక తగ్గిన కొద్దీ దారి అడిగేవాళ్లు తగ్గిపోయారు, అడిగేవాళ్లు లేని దారిని మూసేయడం సులువు.

ఇంగ్లండులో మన అమ్మాయి ఎవరి పొలంలో పడితే వాళ్ల పొలంలో ఎలా నడుస్తోందో అప్పుడర్థమైంది. ఇంగ్లండు, వేల్సుల్లో సుమారు 1,40,000 మైళ్ల కాలిబాటల మీద జనానికి చట్టబద్ధమైన హక్కుంది. పొలం రైతుదే, దారి మాత్రం అందరిదీ. అడ్డంగా పోయే కాలిబాటను రైతు దున్నుకోవచ్చు, కానీ మామూలుగా 14 రోజుల్లోపు మళ్లీ నడిచేలా చేసివ్వాలి. ఏ దారి ఎక్కడుందో తేల్చిచెప్పే పటాలు స్థానిక కౌన్సిళ్ల దగ్గర ఉంటాయి. ఇదంతా దొరలు దయతలిచి ఇచ్చింది కాదు. కొండలన్నీ వేటకోసం జమీందార్లు మూసేసుకుంటే, 1932 ఏప్రిల్ 24న వందల మంది, ఎక్కువగా మిల్లుల్లో పనిచేసే కుర్రాళ్లు, కిండర్ స్కౌట్ అనే గుట్ట మీదికి కావాలనే చొరబడి నడిచారు. ఐదుగురు జైలుకు పోయారు. బీడు కొండల మీద స్వేచ్ఛగా తిరిగే హక్కు చట్టంగా వచ్చింది 2000లో.

మనకు చట్టాలు లేవా అంటే ఉన్నాయి. గ్రామ పటంలో బండిదారి, కాలిదారి చుక్కల గీతలుగా ఉంటాయి. రాస్తా పోరంబోకు అని రాసి ఉంటే అది సర్కారు భూమి, మూసేయడానికి ఎవరికీ హక్కు లేదు. 1905 నాటి ఆక్రమణల చట్టం కింద తాశీల్దారు ఖాళీ చేయించొచ్చు. పట్టా పొలంలోంచి పోయే దారైతే చిక్కు ఎక్కువ. ఇరవై ఏళ్లు అడ్డులేకుండా హక్కుగా నడిచినట్టు రుజువు చేసుకుంటే 1882 నాటి ఈజ్‌మెంట్ చట్టం కాపాడుతుంది. కానీ రుజువు చేయాల్సింది గొర్రెల తాత, అదీ కోర్టులో!

అందుకే నడక ప్లానులో నేను చేర్చే మొదటి వస్తువు బూట్లు కాదు, గ్రామ పటం. నడవబోయే ఊళ్ల పటాలు సర్వేయరును అడిగి చూసుకోండి. దారి తప్పకుండా ఉండటానికే కాదు, చుక్కల గీత ఉన్నచోట కంచె కనపడితే నలుగురి ముందు ఆ మాట అనడానికి కూడా. మా తాత దారి పటంలో ఉంది. ఊళ్లో నలుగురు సంతకాలు పెట్టి అర్జీ ఇచ్చారు. ఇది రాసేనాటికి కంచె ఇంకా అక్కడే ఉంది.

మూడో రోజు తిరుపతి బస్సెక్కండి. పీలేరు, భాకరాపేట ఘాటు మీదుగా పోతుంది. ఒక రోజు మిగిలితే భాకరాపేట వైపు నుంచి తలకోనకు తిరగొచ్చు. 270 అడుగుల జలపాతం, అయితే ఈ కాలంలో నీళ్లు సన్నగా ఉంటాయి. లేదంటే శ్రీనివాసమంగాపురంలో దిగి శ్రీవారి మెట్టు. 2,388 మెట్లు, రెండు కిలోమీటర్ల పైచిలుకు. అలిపిరి దారి 3,550 మెట్లు, తొమ్మిది కిలోమీటర్లు. భక్తి సంగతి మీ ఇష్టం, నడకగా చూస్తే అలిపిరే బాగుంటుంది, మధ్యలో చదును దారి ఉంది, జింకలు కనపడతాయి. 2023 ఆగస్టులో చిరుత ఒక పాపను చంపింది ఆ దారిలోనే. గుంపుగా నడవండి, పిల్లల చెయ్యి వదలొద్దు. వేళల నిబంధనలు అప్పుడప్పుడూ మారుతుంటాయి, ముందురోజు కనుక్కోండి.

శేషాచలం లోపలి దారులకు అటవీశాఖ అనుమతి లేకుండా పోవద్దు. ఎర్రచందనం అడవిలో మీరు విహారానికొచ్చారని చెప్తే ఎవరూ నమ్మరు. పలమనేరు, కుప్పం వైపు ఏనుగులున్నాయి, అటు కాలినడక ఆలోచనే పెట్టుకోవద్దు. హార్స్‌లీ కొండ చుట్టూ ఎలుగుబంట్లుంటాయి, సాయంత్రం ఐదుకల్లా రోడ్డు మీదికి వచ్చెయ్యాలి. ఎండిన బోదగడ్డి దగ్గర బీడీ, సిగరెట్టు వెలిగించొద్దు. ఊరి కుక్కల కోసం ఒక కర్ర, మనిషికి రెండు లీటర్ల నీళ్లు, టోపీ. తిండి గురించి దిగులొద్దు. బొరుగులు, చెనక్కాయలు సంచిలో వేసుకుంటే చాలు, మధ్యాహ్నానికి ఏదో ఒక ఊళ్లో సంగటి, ఊరుబిండి దొరుకుతాయి. కొండమీద టూరిజం వాళ్ల గదులు మాత్రం శనివారానికి బెంగళూరు కార్లతో నిండిపోతాయి. సోమవారం నుంచి గురువారం లోపు చూసుకోండి.