పెదవి విప్పని ఖైదీ

గూఢచారి కథ అనగానే తుపాకులు, పరుగులు తీసే కార్లు, క్షణక్షణమూ వేషం మార్చే సాహసికులు కన్నులముందు మెదలుతారు. 1979 సెప్టెంబరులో బి.బి.సి. ప్రసారం ప్రారంభించిన ఏడు భాగాల ధారావాహిక ‘టింకర్, టైలర్, సోల్జర్, స్పై’లో అటువంటి సందడి బహు తక్కువ. అందులో మరపురాని ఘట్టం ఢిల్లీలోని ఒక జైలు గదిలో జరుగుతుంది. ఎదురెదురుగా ఇద్దరు మనుష్యులు. మాట్లాడేది మాత్రం ఒక్కరే.

ఈ ధారావాహికకు మూలం 1974లో వెలువడిన జాన్ లె కారే నవల. స్వయంగా బ్రిటిష్ గూఢచార శాఖలో పనిచేసిన రచయిత ఆయన. కథలో ఈ ఘట్టానికి కాలం 1950ల మధ్యభాగం. సోవియట్ గూఢచారి కార్లా అమెరికా నుండి స్వదేశానికి పోతూ ఢిల్లీలో పట్టుబడతాడు. మాస్కోలో అతనికి మరణం తప్పదని లండన్ అధికారుల అంచనా. అతనిని తమ పక్షానికి తిప్పుకొనేందుకు జార్జ్ స్మైలీని పంపుతారు.

స్మైలీగా నటించినవాడు అలెక్ గిన్నెస్. కార్లా పాత్ర ధరించిన పాట్రిక్ స్టివార్ట్‌కు ఒక్క సంభాషణ అయినా లేదు. అతడు కేవలం వింటాడు. ఆ వినడమే స్మైలీని కలవరపెడుతుంది. మౌనాన్ని భరించలేనివాడు దానిని తన మాటలతో నింపుతాడు. స్మైలీ ఖైదీకి అతని భార్యను గుర్తు చేయబోతాడు. కాని ఆ మాటల వెనుక వినిపించేది తన భార్య ఆన్ గురించిన బెంగ. ప్రశ్నించడానికి వచ్చినవాడే తన హృదయాన్ని ఖైదీ ముందు పరచివేస్తాడు.

ఖైదీకి సిగరెట్లు ఇచ్చి, వెలిగించుకొమ్మని తన లైటర్ అందిస్తాడు. అది ఆన్ ఇచ్చిన కానుక. ఆమె ప్రేమవాక్యం దానిపై చెక్కబడి ఉంది. కార్లా సిగరెట్లను ముట్టుకోడు. లైటర్‌ను మాత్రం తనవద్దే ఉంచుకొని, మాస్కోకు వెళ్లిపోతాడు.

ఆ మౌనం వెల స్మైలీకి ఏళ్లు గడచిన తరువాత తెలుస్తుంది. లండన్ కార్యాలయంలో కార్లా నాటిన ద్రోహి బిల్ హేడన్, కార్లా ఆజ్ఞ ప్రకారమే ఆన్‌కు ప్రియుడవుతాడు. ఇక స్మైలీ అతనిని అనుమానిస్తే, అది భర్త అసూయగానే లోకానికి తోస్తుంది. భార్యపై ఉన్న ప్రేమే అతని కంటికి గంత అయింది.

1982లో వచ్చిన ‘స్మైలీస్ పీపుల్’ ఈ లెక్కను తిరగవేస్తుంది. కార్లాకు ఒక కూతురు ఉంది. మతి చెదిరిన ఆమెను అతడు రహస్యంగా స్విట్జర్లాండ్‌లో వైద్యానికి ఉంచుతాడు. ఆ సంగతి పట్టుకొని స్మైలీ అతనిని లొంగదీస్తాడు. బెర్లిన్‌లో వంతెన దాటి వచ్చిన కార్లా, ఆ పాత లైటర్‌ను నేలమీద జారవిడుస్తాడు. స్మైలీ దానిని తీసుకోడు.

అతడు గెలిచాడు, గెలిచినవాని ముఖంలో సంతోషం లేదు. ఢిల్లీలో తనపై కార్లా సంపాదించిన ఆయుధాన్నే బెర్లిన్‌లో తానూ ప్రయోగించాడు. ఒకరికి భార్యపై మమత, మరొకరికి కూతురిపై వాత్సల్యం: వారి వృత్తి వీటికి బలహీనత అని పేరు పెట్టింది. ఆ ఇద్దరిలో మనుష్యులుగా మిగిలి ఉన్న భాగం మాత్రం అదే.