రెండవ దారి

గోదావరి దక్షిణపు టొడ్డున, రామగుండము, గోదావరిఖని చుట్టుపట్ల కాపురముండు గృహిణులకు బొగ్గుబాయిని గూర్చి యొకరు బోధింపవలసిన పని లేదు. భూగర్భమున మనుష్యులు పనిచేయు గనికి బయటికి వచ్చుటకు కనీసము రెండు వేరువేరు దారు లుండవలెనని గనుల నిబంధనలు శాసించుచున్నవి. ఒక దారి మూసికొనిపోయినచో రెండవ దారి మనుష్యులను వెలుతురునకు చేర్చును. అయితే ఒక దారి మూతపడిన నాడు “రెండవది యున్నది గదా” యని యథాప్రకారము పని సాగించు బుద్ధిమంతు డెవ్వడును ఉండడు. ఆనాటి మొదటి పని మూతపడిన దారిని మరల తెరచుటయే.

ఈ నెల మేము వ్రాయబూనినది బాయిని గూర్చి కాదు. కార్యాలయములలో మన కాగితములను దాచియుంచు సర్వరును గూర్చియు, దానిలోని డిస్కు చెడినపుడు మార్చు విధానమును గూర్చియు వ్రాయుచున్నాము. ఈ రెంటికిని ధర్మ మొక్కటే యని మా యనుభవము.

ఇది యంత్రముల గొడవ, మనకేల యని ప్రక్కకు నెట్టదగిన విషయము కాదు. ఇల్లెందు ప్రాంతమున 1889లో బొగ్గు త్రవ్వకము మొదలయ్యెను. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ యేర్పడెను. నాటినుండి ఈ నేలమీది కుటుంబముల కష్టార్జితమునకు మస్టరు పుస్తకమే సాక్షి. ఏ దినమున ఎవరు పనికి దిగిరి, ఎవరికి నాగా పడినది, ఎవరి వారసులుగా ఎవరి పేరు వ్రాయబడినది అను వివరములన్నియు జీవనాధారములు. 1948 నాటి చట్టముచే బొగ్గుగనుల ప్రావిడెంటు ఫండును, 1998లో పింఛను పథకమును వచ్చినవి. భర్త గతించిన స్త్రీకి పింఛను రావలెనన్నచో ఆ పాత వివరములే ఆధారము. అవి నేడు చెక్క బీరువాలలో కంటె డిస్కుల మీదనే యెక్కువగా నున్నవి. చెదలు తిన్న పుస్తకమున నాలుగు పుటలు పోయినను తక్కినవి చదువవచ్చును. ఒంటరి డిస్కు చెడినచో ఒక్క నిమిషమున సమస్తమును పోవచ్చును.

డిస్కు అనగా నేమి? అతివేగముగా తిరుగు పళ్లెములపై అయస్కాంతపు గుర్తులుగా సమాచారమును నిలుపు పెట్టె. 1956లో ఐబీఎం సంస్థ వెలువరించిన మొదటి డిస్కు యంత్రమున 24 అంగుళముల వ్యాసము గల పళ్లెములు 50 ఉండెను. అన్నియు కలిసి దాచినది సుమారు 50 లక్షల అక్షరములు మాత్రమే. నేటి డిస్కు అరచేతిలో పట్టునంతటిదై కోట్లకొలది పుటలను దాచుచున్నది. కాని తిరుగు వస్తువు ఏనాటికైన అరుగక మానదు. మా ప్రాంతపు వేసవి వేడియు, కిటికీ సందులనుండి జొరబడు బొగ్గు దుమ్మును దానికి మేలు చేయవు.

ఈ చిక్కునకు విరుగుడుగా 1988లో అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయమునకు చెందిన డేవిడ్ ప్యాటర్సన్, గార్త్ గిబ్సన్, రాండీ కాట్జ్ అను మువ్వురు ఒక వ్యాసము ప్రకటించిరి. మిక్కిలి ఖరీదైన ఒక్క పెద్ద డిస్కునకు బదులు చవుక డిస్కులు పెక్కింటిని ఒక జట్టుగా కట్టి, వానిలో ఒకటి చెడినను సమాచారము చెడకుండ నిలుపవచ్చునని వారు చూపిరి. ఆ జట్టునకే రెయిడ్ అని పేరు.

ఒకటి చెడినను ఎట్లు నిలుచును? ఇంటి లెక్కతో చెప్పెదము. మూడు డబ్బాలలో 4, 7, 9 సేర్ల చొప్పున బియ్యము పోసి, నాలుగవ చోట “మొత్తము 20” అని చీటి వ్రాసి యుంచితి మనుకొనుడు. రెండవ డబ్బా మీది గుర్తు చెరిగిపోయినను 20లో నుండి 4ను, 9ని తీసివేసినచో 7 అని తెలియును. యంత్రము కూడికకు బదులు సరి బేసి లెక్కను వాడును; సూత్రము మాత్రము ఇదియే. ఐదవ తరగతి రెయిడునందు ఈ చీటిని ఒకే డిస్కుమీద నుంచక అన్నిటిమీదను పంచుదురు. 4 టెరాబైట్ల డిస్కులు నాలుగు కట్టినచో 12 టెరాబైట్లు మన వాడుకకు వచ్చును. తక్కిన 4 చీటి ఖర్చు. ఆరవ తరగతియందు రెండు చీటులుండును గనుక రెండు డిస్కులు పోయినను నిలుచును. మొదటి తరగతియందు ఒక డిస్కునకు అచ్చముగా మరియొక నకలుండును.

ఈ జట్టును నడపు పెద్ద యొకటి కావలెను. దానినే కంట్రోలరు అందురు. తన బుద్ధియు, తన జ్ఞాపకశక్తియు కలిగిన చిన్న పలక యది. డిస్కునకు చేరవలసిన వ్రాతను క్షణకాలము తన యొద్ద నుంచుకొనును; ఆ సమయమున కరెంటు పోయినచో నష్టము రాకుండ దానికొక బ్యాటరీ యుండును. ఈ పెద్దతో మాటలాడుటకు బొమ్మల తెర యక్కరలేదు. నల్లని తెరమీద ఆజ్ఞలను టైపు చేసినచో చాలును. మెగారెయిడ్ కంట్రోలర్లకు స్టార్‌సీఎల్ఐ, డెల్ సర్వర్ల కంట్రోలర్లకు పెర్క్‌సీఎల్ఐ, హెచ్‌పీ వారి కంట్రోలర్లకు ఎస్ఎస్ఏసీఎల్ఐ అను సాధనములు కలవు. ఏ ఆజ్ఞ ఎప్పుడిచ్చితిమో పుస్తకమున వ్రాసికొనుటకును, దూరమున నున్న తోటివారికి చదివి వినిపించుటకును ఈ పద్ధతియే అనుకూలమని మా అభిప్రాయము.

మేము పనిచేయు కార్యాలయమున పదవీ విరమణ చేసిన కార్మికుల కాగితములు సిద్ధపరతురు. గడచిన వేసవిలో ఒక ఉదయమున సర్వరు గదినుండి ఎడతెగని కూత వినవచ్చెను. తెరమీద కాగితములు మాత్రము ఎప్పటివలెనే తెరుచుకొనుచుండెను. “పని నడుచుచునే యున్నది గదా, ముందా కూత నాపుడు” అని అందరును అనిరి. కూతను మాన్పుటకు ఆజ్ఞ యున్నది. దానివలన రోగము కుదురదు. జట్టు స్థితిని చూపుమని అడుగగా, “ఆప్టిమల్” అని యుండవలసిన చోట “డీగ్రేడెడ్” అని వచ్చెను. నాలుగింటిలో ఒక డిస్కు చెడినది. తక్కిన మూడును దాని బరువును కూడ మోయుచున్నవి.

ఆ సమయమున భర్త సర్వీసు కాగితమునకై వచ్చిన ఒక ముసలమ్మ బల్లమీద కూర్చుండి యుండెను.

“గా డబ్బా ఎందుకు బిడ్డా, అట్ల మొత్తుకుంటాంది?” అని ఆమె యడిగెను.

“నాలుగిట్ల ఒకటి పాడైందవ్వా. మిగిలిన మూడు ఓపుకుంటున్నయి. మీ కాయితం యాడికి పోలే” అని చెప్పితిమి.

“ఓపుకుంటున్నయని ఊకుంటరా?” అనెను ఆమె.

పెద్ద గ్రంథములు చదివినను ఇంతకంటె సూటియైన ప్రశ్న దొరకదు. ఊరకుండరాదు. ఏలయన, ఒకే దినమున కొని, ఒకే గదిలో, ఒకే వేడిలో తిరిగిన డిస్కులకు ఆయువు కూడ ఇంచుమించుగా నొక్కటే. ఐదవ తరగతి జట్టున రెండవది పోయినచో లెక్క తేల్చుటకు చీటి చాలదు.

మొదట ఆనాటివరకు నున్న సమాచారమునకు వేరొక చోట నకలు తీసితిమి. పిమ్మట ప్రతి డిస్కు స్థితిని చూపు ఆజ్ఞ యిచ్చి, చెడినది ఏ గదిలో నున్నదో చూచితిమి. 252 అను పెట్టెలో 2 అను గది యని తెలిసెను. ఇచ్చట మిక్కిలి జాగ్రత్త వహింపవలెను. మన సర్వరున గదుల లెక్క సున్నతో మొదలగును. అనగా 2 అను గది మూడవది. ఒకటితో లెక్కించు అలవాటు చొప్పున రెండవ దానిని లాగినచో, మంచి డిస్కు పోయి జట్టంతయు కూలును. చెడినదానికంటె ఈ తొందరపాటే ప్రమాదకరము.

అందుచేత చేతికంటె ముందు కంటిని నమ్మవలెను. “స్టార్‌సీఎల్ఐ /సీ0/ఈ252/ఎస్2 స్టార్ట్ లొకేట్” అను ఆజ్ఞ యిచ్చినచో ఆ డిస్కు ముందున్న దీపము మినుకు మినుకుమనును. మేము తెరయొద్ద నుండి ఆజ్ఞ యిచ్చుచుండగా, మా సహోద్యోగిని గదిలో నిలిచి “మూడవది మినుకుచున్నది” యని పలికినది. ఆజ్ఞ నాపగా మినుకుట ఆగినది. ఆ డిస్కు క్రమసంఖ్యను కూడ వ్రాసికొంటిమి. బయటికి తీసిన పిమ్మట దానిమీది చీటితో సరిచూచుకొనవచ్చును.

పూర్తిగా చెడిన డిస్కును అట్లే లాగవచ్చును. చావక బ్రతుకక తప్పులు చేయుచున్న దానిని మాత్రము క్రమముగా సాగనంపవలెను. ముందు “సెట్ ఆఫ్‌లైన్” అని పనినుండి తప్పించి, “సెట్ మిస్సింగ్” అని లెక్కనుండి తొలగించి, “స్పిన్‌డౌన్” అని తిరుగుట మాన్పి, అటుపిమ్మట బయటికి తీయవలెను.

క్రొత్త డిస్కు పాతదానికంటె చిన్నది కాగూడదు. జాతియు అదియే కావలెను. వేరొక సర్వరున వాడినదైనచో మరియొక చిక్కు కలదు. స్టీలు గిన్నెలమీద మనము ఇంటిపేరు చెక్కించుకొందుము గదా! అట్లే డిస్కుమీద కూడ పాత జట్టు పేరు మిగిలియుండును. కంట్రోలరు దానిని “ఫారిన్” అని చూపి, తనలో కలుపుకొనదు. ఆ డిస్కుమీది సమాచారము ఎవరికిని అక్కరలేదని రూఢి చేసికొనిన పిదపనే ఆ పేరును చెరుపవలెను. మా యొద్ద అలమరలో విప్పని క్రొత్త డిస్కు యుండుటచే ఈ చిక్కు కలుగలేదు.

క్రొత్తది గదిలో కూర్చుండినంతనే కంట్రోలరు తానుగా పునర్నిర్మాణమునకు పూనుకొనెను. తక్కిన మూడింటిని మొదటినుండి చివరివరకు చదివి, లెక్కకట్టి, పోయినదానిని అక్షరాక్షరము మరల వ్రాయుట ఇది. 4 టెరాబైట్ల డిస్కునకు సెకనుకు 100 మెగాబైట్ల చొప్పున వ్రాసినను 11 గంటలు పట్టును. నడుమ కార్యాలయపు పని సాగుచుండినచో ఇంకను ఆలస్యమగును. “షో రీబిల్డ్” అని యడిగినచో నూటికి ఎన్ని వంతులు పూర్తియైనదో చెప్పును. ముసలమ్మకు కాగితము మధ్యాహ్నమునకే ముద్రించి యిచ్చితిమి. అప్పటికి నూటికి 30 వంతులైనను కాలేదు. రాత్రి రెండు గంటలకు ఇంటినుండి చూచినపుడు “ఆప్టిమల్” అను మాట మరల కనబడెను.

గనిలో సర్దారు పని మొదలుకాక పూర్వమే కర్రతో పైకప్పును తట్టి, ధ్వనిని విని, లోపల పగులున్నదో లేదో కనిపెట్టును. కూలిన తరువాత వినుట వినుట కాదు. డిస్కులకును ఆ పరీక్ష కలదు. తీరిక వేళల జట్టు మూలమూలలను చదివి చూచు “పెట్రోల్ రీడ్” ఒకటి. చీటియు సరకును సరిపోవుచున్నవో లేవో చూచు “కన్సిస్టెన్సీ చెక్” మరియొకటి. వీనిని నియతకాలమున జరిపించుటయు, ప్రతి డిస్కు ఎన్ని తప్పులు చేయుచున్నదో వారమున కొక తూరి చూచి వ్రాసికొనుటయు అవసరము. నిరుడు సున్నయై యున్న తప్పుల సంఖ్య ఈ నెల పెరుగుచున్నచో అది పైకప్పు డొల్లధ్వని యని గ్రహింపవలెను. ఎదురుచూచు డిస్కు నొకదానిని జట్టు ప్రక్కనే అమర్చియుంచినచో, ఒకటి చెడినంతనే అది మన ఆజ్ఞ లేకయే పనికి దిగును.

ఇంతచేసినను ఒక మాట మరువరాదు. రెయిడ్ అనునది నకలు కాదు. పొరబాటున ఒక కాగితమును తుడిచివేసినచో జట్టు ఆ తుడుపును కూడ అన్ని డిస్కులమీదను నమ్మకముగా అమలుపరచును. అగ్ని, దొంగతనము, వరద వచ్చినచో పెట్టెలోని నాలుగును ఒక్కసారిగానే పోవును. గోదావరిఖని 7 ఎల్ఈపీ గనిలో 2003 జూన్ 16వ తేదీన నీరు ముంచెత్తి 17 మంది కార్మికులు మృతిచెందిరి. అట్టి దినమున గని పటమును, పనికి దిగినవారి పట్టికయు ఎంత విలువైనవో ఈ ప్రాంతమువారికి వేరుగ చెప్పనక్కరలేదు. అట్టివాని నకలు వేరొక భవనమున, వీలైన వేరొక ఊరిలో నుండితీరవలెను. ఆ నకలు తెరుచుకొనుచున్నదో లేదో అప్పుడప్పుడు తెరచి చూడవలెను.

మన యాడపడుచులు అనేకులు నేడు ఆసుపత్రులలో, పాఠశాలలలో, బ్యాంకులలో, సహకార సంఘములలో ఇట్టి పెట్టెల ప్రక్కనే కూర్చుండి పనిచేయుచున్నారు. వారందరును ఆజ్ఞలు నేర్వవలెనని మేము కోరము. కూత వినబడినపుడు దానిని మాన్పి ఊరకుండక, వెంటనే తెలిసినవారికి తెలుపుడని మాత్రము వేడుచున్నాము. సర్వరు గది తలుపుమీద మూడు విషయములు పెద్ద యక్షరములతో వ్రాసి అంటించుడు: ఎవరిని పిలువవలెను, మారు డిస్కు ఎచ్చట నున్నది, గదుల లెక్క సున్నతో మొదలా, ఒకటితో మొదలా.