తాకినా ఫరవాలేదా?

జపాన్ యాత్రకు వెళ్ళేవారు దారి అడగడానికీ, భోజనం తెప్పించుకోవడానికీ అవసరమైన మాటలు నేర్చుకొంటారు. నేను వాటితోపాటు పరుల కుక్కలను పలకరించే మాటలు కూడా నేర్చుకొన్నాను. కుక్కలపై ప్రేమ అందుకు కారణం కాదు. చిన్ననాడు మా వీధిలో కుక్కకాటుకు ఒక పసివాడు బలియైనాడు. ఆనాటినుండి కుక్క ఎదురైతే పక్కదారి పట్టడం నాకు అలవాటు. ఆ దేశంలో 1950లోనే రేబిస్ నివారణ చట్టం వచ్చిందనీ, 1957 తరువాత అక్కడి జంతువులలో ఆ వ్యాధి కనిపించలేదనీ చదివాను. ఈ భయాన్ని వదిలించుకోవడానికి అంతకంటె అనువైన చోటు దొరకదనిపించింది.

జపనీస్‌లో కుక్కను ‘ఇను’ అంటారు. కాని ఎదుటివారి కుక్కను అలా అనడం కొంచెం మోటు. ‘వాన్‌చాన్’ అనాలి. ‘వాన్ వాన్’ అక్కడి కుక్కల అరుపు. ‘చాన్’ పసిపిల్లల పేర్లకు చేర్చే ముద్దుమాట. పేరు అడగాలంటే ‘ఒనమాఎ వా?’ అంటారు. మొదటి ‘ఒ’ గౌరవసూచకం. కుక్క పేరుకు సైతం ఆ మర్యాద దక్కుతుంది.

అన్నింటికంటె ముఖ్యమైనది అనుమతి కోరే మాట. ముందుగా ‘సుమిమసేన్’, అనగా ‘క్షమించండి’. తరువాత ‘సవత్తెమో ఈ దెస్ కా?’ తెలుగువారికి ఇది సులభం. ‘సవత్తెమో’ అంటే ‘తాకినా’. ‘ఈ దెస్’ అంటే ‘బాగే, ఫరవాలేదు’. చివరి ‘కా’ మన ప్రశ్నలోని ‘ఆ’. పదాల వరుస కూడా మనదే.

టోక్యోలోని యొయొగి పార్కులో ఒక వృద్ధురాలిని ధైర్యం చేసి అలా అడిగాను. ఆమె తల వంచి, ‘చొత్తో...’ అని ఆగిపోయింది. ‘కొంచెం’ అని దాని అర్థం. మిగిలిన వాక్యం రాదు. కాదనడానికి అక్కడ అంతే చాలు. ఆమె కాళ్ళ వెనుక నక్కిన కుక్కను చూపుతూ ‘కొవగారి’ అన్నది. పిరికిదట!

కుక్క నన్ను చూసి భయపడగలదని నాకు అంతవరకు తోచలేదు. ‘అరిగతో గొజైమస్’ అని కృతజ్ఞత చెప్పి రెండడుగులు వెనుకకు వేశాను. మొదటిసారి ఒక కుక్కకు నేను దారి ఇచ్చింది దాని భయం తీర్చడానికి.

కొన్నాళ్ళకు క్యోటోలో, కామో నది గట్టున, మరొక పెద్దాయన నా ప్రశ్నకు ‘దోజో’ అన్నాడు. ‘అలాగే, కానివ్వండి’ అని. నా చేయి వణుకుతూనే ఉన్నది. కుక్క మాత్రం కదలకుండా నిలుచున్నది.

తాకవచ్చునా అని అడిగితే వద్దనే అవకాశం ఎదుటివారికి మిగులుతుంది. భయపడేవారికి కావలసింది అదే. ఆ భయం మనిషిదైనా, కుక్కదైనా.