హాస్టల్‌కి ఏ సైకిల్?

మా అమ్మాయికి ఖరగ్‌పూర్ ఐఐటీలో ఎంటెక్ సీటొచ్చింది. సుమారు 2,100 ఎకరాల ఆవరణ అది. హాస్టల్ నుంచి క్లాసుకైనా, లైబ్రరీకైనా సైకిలే ఆధారం. విజయవాడలో తను తొక్కే గేర్ సైకిల్‌నే రైల్లో పార్సిల్ వేసి తీసుకెళ్తానంది. మూడేళ్ల కిందట 28 వేలు పెట్టి కొన్న బండి. "దుమ్ము పట్టించడానికా నాన్నా కొన్నది?" అంది. న్యాయమైన మాటే.

కానీ నా లెక్క వేరు. ఇప్పుడు అమ్మితే దానికి 12 వేలు రావచ్చు. పోతే మాత్రం నష్టం 12 వేలతో ఆగదు. అలాంటిదే మళ్లీ కొనాలంటే 30 వేలు చేతిలోంచి పడాలి, అదీ ఫీజులూ మెస్ బిల్లులూ కడుతున్నప్పుడు. ఆ దెబ్బ తట్టుకోగలిగినవాళ్లు నిశ్చింతగా తీసుకెళ్లొచ్చు. మాకు కష్టం. గృహ బీమాలో సైకిల్‌కి విడిగా కవరేజీ ఇచ్చే పాలసీలున్నాయి. అయితే వేరే ఊళ్లో, హాస్టల్ బయట నిలిపిన సైకిల్‌కి అది వర్తిస్తుందని కాగితం మీద చూస్తే తప్ప నేను దాన్ని లెక్కలోకి తీసుకోను.

పైగా దాని ముందు చక్రానికి క్విక్ రిలీజ్ ఉంది. లివర్ తిప్పితే చాలు, పానా లేకుండానే చక్రం చేతికొచ్చేస్తుంది. సీటూ అంతే. ముందు చక్రానికి మాత్రమే తాళం వేసి వెళ్తే, తిరిగొచ్చేసరికి ఆ చక్రం ఒక్కటే మిగలొచ్చు.

చేర్చడానికి వెళ్లినప్పుడు, చదువు ముగించుకుని వెళ్లిపోతున్న ఒకబ్బాయి దగ్గర 2,500కి గేర్లు లేని పాత సైకిల్ కొన్నాం. బ్రేకు కట్టలు మార్పించి, 1,400 పెట్టి యూ ఆకారపు ఉక్కు తాళం తీసుకున్నాం. బండి ధరలో సగానికి పైగా తాళానికేనా అని మా ఆవిడ ఫోన్లో ఆశ్చర్యపోయింది. నాకు మాత్రం అన్నిట్లోకీ సరైన ఖర్చు అదే అనిపించింది. సన్న తీగ తాళాన్ని చిన్న కట్టర్‌తో క్షణాల్లో తెంపేయొచ్చు. వెనక చక్రాన్నీ ఫ్రేమునూ కలిపి, నేలలో పాతిన ఇనుప కమ్మీకి ఎలా బిగించాలో చేసి చూపించాను. సైకిల్ తిరగేసి, పెడళ్ల ఇరుసు ఉండే గొట్టం కింద కొట్టిన నంబరుని ఫోటో తీశాం. ఫిర్యాదు ఇవ్వాల్సొస్తే, అన్ని నల్ల సైకిళ్లలో ఇది మాదని చెప్పగలిగేది ఆ నంబరే.

డబ్బుకి మించి నేను ఆలోచించింది ఇంకోటుంది. ఖరీదైన బండి బయట పెట్టి, లైబ్రరీలో కూర్చుని మా పిల్ల మాటిమాటికీ దాని గురించి బెంగపడకూడదు. ఇప్పుడు రాత్రి పొద్దుపోయేదాకా అక్కడే చదువుకుంటోంది.

వేసవి సెలవుల్లో తుప్పు పట్టకుండా గొలుసుకి నూనె రాసి, నీడన పెట్టి రమ్మన్నాను. కోర్సయ్యాక ఏ జూనియర్‌కో 1,500కి ఇచ్చేసినా, పంక్చర్లు పోను రెండేళ్లకి సైకిల్ మీద పడే ఖర్చు వెయ్యి చిల్లరే. తాళం తన దగ్గరే ఉంటుంది.