కంబళి మీద సున్నపు డబ్బీ

పచ్చగడ్డి మీద ఎర్రటి ఊలు కంబళి పరిచి ఉంది. దాని మీద ఓ చాకు, మందు పోసుకునే ఆవుకొమ్ము, చెకుముకి రాళ్ల సంచి, సీసం ముద్ద, ఎవరింట్లోనో కాచిన బ్లాక్‌బెర్రీ జామ్ సీసా, అల్లిన మేజోళ్లు... ఇలా 27 వస్తువులు. వాటి మధ్య అరచేతిలో ఇమిడే ఇత్తడి సున్నపు డబ్బీ.

మిగతావన్నీ ఆ ఊరివే. డబ్బీ మాత్రం జగిత్యాల దగ్గరి ఓ పల్లె నుంచి సముద్రాలు దాటి ఒహాయో చేరింది. దాన్ని అక్కడ పెట్టినాయన తాత బతికున్నన్నాళ్లూ అది ఆయన నడుముకే ఉండేది. మనవడు సాఫ్ట్‌వేర్ ఇంజినీరు. తమలపాకులు వేసుకునే అలవాటు లేదు. అందుకని అందులో కొవ్వు రాసిన గుడ్డముక్కలు పెట్టుకునేవాడు. తుపాకీలోకి గుండు దించేటప్పుడు దానికి చుట్టే గుడ్డముక్కలు.

తుపాకీ అనగానే కంగారు పడకండి. ఇది వేటా కాదు, కొట్లాటా కాదు. గొట్టం మూతిలోంచి మందు పోసి, గుండు దించి, కడ్డీతో దట్టించి పేల్చే పాతకాలపు తుపాకీలతో జరిగే గురిపందెం. వీటిని మజిల్‌లోడర్లు అంటారు. మన పల్లెల్లో అడవిపందుల కోసం మొక్కజొన్న చేల దగ్గర పేల్చిన నాటు తుపాకులు ఈ జాతివే. అమెరికాలో దీని అభిమానులకు 1933 నుంచీ ఓ జాతీయ సంఘం ఉంది. ఇండియానా రాష్ట్రంలో ఫ్రెండ్‌షిప్ అనే చిన్న ఊళ్లో, లాఫరీ వాగు పక్కన, వాళ్ల మైదానం. ఏటా పెద్ద పోటీలు అక్కడే. ఇవి కాక ఊరూరా చిన్న క్లబ్బులుంటాయి. వాళ్లు శని, ఆదివారాల్లో తోలు చొక్కాలు, మూడు మూలల టోపీలు వేసుకుని, 1840కి ముందు లేని వస్తువేదీ కంటికి కనిపించకూడదన్న పట్టుదలతో గుడారాలు వేస్తారు. మొదటిరోజు మనవాడు ఏం తొడుక్కోవాలో తోచక ఖద్దరు లాల్చీతో వెళ్లాడు. ఎవరూ వంక పెట్టలేదు. 1840కి ముందుదేగా మరి!

కంబళి పందెం నియమం చాలా సులువు. ఆడేవాళ్లంతా తలా ఒక వస్తువు పెట్టాలి. ఇంటికి తీసుకెళ్లడానికి తనకే మనసయ్యేంత మంచిది పెట్టాలి. మొదటి స్థానం వచ్చినవాడు ముందు ఏరుకుంటాడు. తర్వాత రెండోవాడు. అలా చివరివాడి దాకా. ఎవరూ ఒట్టి చేతులతో వెళ్లరు. కానీ ఎవరి వస్తువు ఎవరి చేతికి పోతుందో చెప్పలేం.

ఆ రోజు అతను డబ్బీ ఎందుకు పెట్టాడంటే, తనే గెలిచి తనే తీసుకుంటాననుకున్నాడు. అప్పటికి మూడేళ్ల సాధన. పైగా అతని దగ్గరో నోటుపుస్తకం ఉంది. అందులో రెండే గడులు. ఒకటి ‘నా తప్పు’, రెండోది ‘నా తప్పు కాదు’. పేల్చిన ప్రతి గుండుకూ ఏదో ఒక గడిలో గీత. మొదటి ఏడాది రెండో గడి నిండిపోయింది. గాలి వీచింది, రాయి నిప్పు రాల్చలేదు, మందు చెమ్మగిల్లింది, పక్కవాడు దగ్గాడు. మూడో ఏడాదికి గీతలు మెల్లగా మొదటి గడిలోకి జరగడం మొదలైంది. ఎందుకంటే, ఈ తుపాకీలో అదృష్టంలా కనిపించేదానిలో చాలా భాగం మనిషి చేతిలోనే ఉంటుంది.

చెకుముకి తుపాకీ సంగతే చూడండి. మీట నొక్కగానే రాయి ఉక్కు రేకును గీరుతుంది. నిప్పురవ్వలు పళ్లెంలోని చిటికెడు మందు మీద పడతాయి. అది భగ్గుమని, సన్నటి రంధ్రంలోంచి మంట లోపలికి పాకి, అసలు మందును అంటిస్తుంది. అప్పుడు గుండు బయల్దేరుతుంది. ఇదంతా రెప్పపాటే. కానీ ఆ రెప్పపాటులో ముఖం ముందే మంట లేస్తుంది. అప్పుడు కన్ను మూయకుండా, భుజం అదరకుండా గురి మీదే నిలబడాలి. మీట నొక్కాక కూడా గురి చూస్తూనే ఉండాలన్నది పాతకాపుల మొదటి పాఠం. ఇక నల్లమందు. సురేకారం, బొగ్గు, గంధకం కలిసిన ఆ పొడి కాలాక వదిలే మసి గాలిలోని తేమను పీల్చుకుంటుంది. పేల్చిన ప్రతిసారీ తడిగుడ్డతో గొట్టం తుడవాలి, సన్నటి తీగతో రంధ్రం పొడవాలి. బద్ధకిస్తే తర్వాతి గుండు దాని ఇష్టమొచ్చిన దారిన పోతుంది. అన్నట్టు, మాటల్లో పడి మందు పోయకుండానే గుండు దించేసేవాళ్లూ ఉంటారు. ఇరవై ఏళ్ల అనుభవజ్ఞులు కూడా. ఆ గుండును తిరిగి బయటికి లాగేదాకా చుట్టూ చేరి ఆటపట్టించడం అక్కడ ఆచారం. దాన్ని ఏ గడిలో రాయాలో మాత్రం ఎవరికీ అనుమానం ఉండదు.

అంతా నైపుణ్యమేనా మరి? కాదు. ఎన్ని గుండ్లు పేలుస్తున్నారన్నదాన్ని బట్టి ఉంటుంది. ఈ తుపాకీల ప్రపంచస్థాయి పోటీల్లో అరగంటలో 13 గుండ్లు పేల్చి, వాటిలో బాగా తగిలిన పదే లెక్కలోకి తీసుకుంటారు. అంటే మూడు దురదృష్టాల్ని ముందే మాఫీ చేసేశారన్నమాట. మిగిలిన పదిలో ఎవరేమిటో తేలిపోతుంది. పేకాటలోనూ ఇదే గొడవ కదా! రమ్మీ జూదమా, తెలివా అన్న పేచీ మన ఆంధ్రప్రదేశ్ నుంచే 1960ల చివర్లో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. పడిన ముక్కలు గుర్తుపెట్టుకోవాలి, దేన్ని ఉంచాలో దేన్ని వదలాలో తెలియాలి కాబట్టి రమ్మీలో ప్రధానమైనది నైపుణ్యమేనని కోర్టు చెప్పింది. కానీ ఒక్కటంటే ఒక్క చేయి ఆడి లేచిపోతే? తెలివికి చూపించుకునే అవకాశమేదీ?

ఆనాటి కంబళి పందెం అలాంటిదే. 25 గజాల దూరంలో పేకముక్కను అంచు కనిపించేలా నిలబెట్టారు. మనిషికి ఒకటే గుండు. ముక్క తెగితే సరేసరి. తెగకపోతే వెనకున్న కాగితం మీది రంధ్రం నుంచి ముక్క అంచుదాకా దారంతో కొలుస్తారు. దారం ఎంత పొట్టిదైతే అంత ముందు స్థానం.

మనవాడు ముందురోజు రాత్రే కాగితం మీద లెక్క వేసుకున్నాడు. ముక్క వెంట్రుకంత పలచనే అయినా గుండు వెడల్పు అర అంగుళం. కాబట్టి గుండుకు దొరికే సందు అర అంగుళం. నిలబడి పేల్చే ఆరితేరినవాడి గుండ్లు ఆ దూరంలో మూడు అంగుళాల వెడల్పులో పడతాయనుకుందాం. అంటే ఆరింట ఒక వంతు అవకాశం. కొత్తవాడి గుండ్లు అడుగు వెడల్పులో చెదురుతాయనుకుంటే ఇరవై నాలుగింట ఒకటి. కాబట్టి ఆరితేరినవాడిదే పైచేయి. అక్కడితో లెక్క ఆపి హాయిగా నిద్రపోయాడు.

పూర్తి చేసి ఉంటే బాగుండేది. క్లబ్బులో ఆరితేరినవాళ్లు ముగ్గురు. వాళ్లలో తానొకడు. ఆ మాట అతనిదే లెండి. మిగతావాళ్లు 24 మంది. ముగ్గురిలో ఒక్కరైనా ముక్కను కోసే అవకాశం నూటికి 42 పాళ్లు. ఆ 24 మందిలో ఏ ఒక్కడైనా కోసే అవకాశం నూటికి 64. ఆ ఒక్కడు ఎవడన్నది తెలియదంతే. సంక్రాంతి బరి దగ్గర పందెం కాసే రైతును అడిగినా ఇది చెప్పేవాడు. ఒక్క పుంజు బలం వేరు, బరిలోని పుంజులన్నిటి బలం వేరు.

ఆ ఒక్కడు పదహారేళ్ల కుర్రాడయ్యాడు. అదే మొదటిసారి రావడం. తుపాకీ కూడా అరువుదే. నిలబడిన తీరు చూసి తెల్లగడ్డం పెద్దాయన ఒకరు వెళ్లి భుజం సరిచేసి వచ్చారు. మంట లేచేసరికి కుర్రాడు రెండు కళ్లూ మూసేశాడు. చుట్టూ ఉన్నవాళ్లంతా చూశారు. పొగ తేలిపోయాక చూస్తే ఇస్పేటు తొమ్మిది రెండు ముక్కలై గడ్డిలో పడుంది.

మనవాడి వంతు వచ్చింది. మీట నొక్కాడు. పళ్లెంలో మందు భగ్గుమంది. అంతే. లోపల అంటుకోలేదు. తుస్సు! నియమం ప్రకారం తుపాకీని గురివైపే నిలిపి ఉంచి, కాసేపు ఆగి, మళ్లీ పళ్లెంలో మందు పోసి పేల్చుకోవచ్చు. పేల్చాడు. కానీ ఈసారి మంట కోసం ఎదురుచూస్తున్న ముఖం ముందే ముడుచుకుంది. గుండు నాలుగు అంగుళాలు పక్కకు పోయింది. పదకొండో స్థానం.

పెద్దాయన తుపాకీ అందుకుని చూశారు. తీగతో రంధ్రం పొడిచి, తీగ చివరి నల్లటి ముద్దను వేలితో తుడిచి చూపించారు. పొద్దున్నే పొగమంచు. సాధనకని పేల్చిన రెండు గుండ్ల తర్వాత మనవాడు రంధ్రం పొడవడం మరిచాడు. నోటుపుస్తకంలో ‘నా తప్పు కాదు’ గడిలో అప్పటికే పెట్టిన గీతను కొట్టేయాల్సి వచ్చింది.

కుర్రాడు కంబళి చుట్టూ రెండుసార్లు తిరిగాడు. చాకు పట్టుకుని చూసి పెట్టేశాడు. ఆవుకొమ్మునూ అంతే. చివరికి డబ్బీ తీసుకుని మూత తెరిచి వాసన చూశాడు. ‘‘ఇది ఎవరిది సర్?’’ అన్నాడు. మనవాడు చెయ్యెత్తాడు. ‘‘దేనికి వాడతారు?’’ అని అడిగితే ‘‘గుడ్డముక్కలకి’’ అన్నాడు. తాత సంగతి చెప్పడానికి గొంతు రాలేదు. రెండో స్థానం తెల్లగడ్డం పెద్దాయనది. దారం కొలిస్తే అంగుళం. ముప్పై ఏళ్లుగా పేలుస్తున్న మనిషి. కుర్రాడి వీపు తట్టి, నవ్వుతూ జామ్ సీసా పట్టుకుపోయారు. పదకొండోవాడికి సీసం ముద్ద దక్కింది.

ఆ రాత్రి జగిత్యాలకు ఫోన్. దాచితే దాగేది కాదు, పండక్కి వెళ్తే డబ్బీ ఏదని అడుగుతుంది.

‘‘ఏందిరా, తాత సున్నపు డబ్బీ పందెంల వెట్టినవా? ధర్మరాజు లెక్క!’’

‘‘జూదం కాదమ్మా. గురి చూసి కొట్టుడు.’’

‘‘గురి చూసి కొడితే గెలుస్తవు గదా?’’

దానికి అతని దగ్గర జవాబు లేదు. లెక్క చెప్పబోయాడు. ఇరవై నాలుగు మంది, అరవై నాలుగు పాళ్లు... ఆమె సగంలోనే ఆపింది.

‘‘సరే గాని, దాని బదులు ఏమొచ్చింది బిడ్డా?’’

‘‘సీసం ముద్ద.’’

చాలాసేపు ఏమీ వినిపించలేదు. లైను తెగిందనుకున్నాడు. తర్వాత ఆమె నవ్వు వినిపించింది.

ఆ సీసం కరిగించి చలికాలమంతా గుండ్లు పోసుకున్నాడు. తిరిగి కొనుక్కుందామని ఓసారి మనసు లాగింది. కంబళి మీద పెట్టినదాన్ని వెనక్కి అడగరని పెద్దాయన మెల్లగా చెప్పారు. అడక్కూడదని రాసి ఉందా అంటే, రాసి లేదు, ఎవరూ అడగరంతే అన్నారు.

మళ్లీ ఏడు కుర్రాడు వచ్చాడు. ఈసారి సొంత తుపాకీ. డబ్బీ తోలుపటకాకు వేలాడుతోంది. మూత తెరిచి మూసే చోట వేలి మెరుపు పడింది గానీ మిగతాదంతా నల్లబడింది. కుర్రాడి గుండ్లు ఇప్పుడు అడుగు వెడల్పులో చెదరడం లేదు. నాలుగైదు అంగుళాల్లో పడుతున్నాయి. కళ్లు మూయడం మానేశాడు. పేకముక్కను మాత్రం మళ్లీ ఒక్కసారి కూడా కోయలేకపోయాడు. ‘‘అప్పుడెలా తగిలిందో నాకే తెలీదు సర్’’ అన్నాడు, తప్పు ఒప్పుకుంటున్నట్టు.

అప్పుడు చెప్పాడు మనవాడు. సున్నం సంగతి, తమలపాకుల సంగతి, తాత నడుము సంగతి. కుర్రాడు డబ్బీ విప్పి ఇవ్వబోయాడు. ఇతను చేతులు వెనక్కి పెట్టుకుని, ‘‘దీన్ని చింతపండుతో తోమాలి’’ అన్నాడు.

‘‘చింతపండంటే?’’

మర్నాడు జరిగిన కంబళి పందెంలో చాకులు, కొమ్ములు, మేజోళ్ల మధ్య ఇండియన్ స్టోర్ నుంచి తెచ్చిన అరకిలో పొట్లం ఒకటి ఉంది. కుర్రాడు ఏడో స్థానంలో వచ్చాడు. అతని వంతు వచ్చేదాకా ఆ పొట్లాన్ని ఎవరూ ముట్టుకోలేదు.