మడ బురదలో తూకం

నూజివీడు పరిసరాలలో శీతాకాలమంటే పూత కోసం ఎదురుచూసే కాలం. చిన్న రసాలు, బంగినపల్లి, మా వైపు కలెక్టర్ అని పిలుచుకునే తోతాపురి, ఏ చెట్టు చిగురుకు పోతుందో ఏది పూతకు వస్తుందోనని రైతులు కొమ్మలకేసి చూస్తూ తిరుగుతుంటారు. అటువంటి రోజులలో ఒక తోట యజమాని మా వద్దకు ఒక ఒప్పంద పత్రం తెచ్చారు. ఆయన తోటలోని చెట్లూ నేలా గాలి నుండి తీసుకొని దాచే కర్బనాన్ని లెక్కగట్టి, కార్బన్ క్రెడిట్ల పేరిట అమ్మిపెడతామని ఒక సంస్థ వ్రాసిచ్చిన పత్రమది.

"మౌలానా సాబ్, ఇది సరుకు బేరమా, గాలి బేరమా? హలాలేనా?" అని అడిగారు.

సరుకు ఏమిటో, ఎంతో తెలియని బేరాన్ని గరర్ అంటారనీ, అది నిషిద్ధమనీ మేము విద్యార్థులకు ఏళ్ళ తరబడి చెప్పాము. కాని కర్బనాన్ని కొలవగలరా లేదా అన్నది మాకే తెలియదు. తెలియకుండా జవాబు చెప్పడం కన్నా వెళ్ళి చూడడం మేలనిపించింది. మా పూర్వ విద్యార్థి ఒకరు ఈ విద్యే చదువుతూ, అటవీశాఖ అనుమతితో కోరింగలో బురద నమూనాలు తీసే బృందంలో ఉన్నారు. ఆ యజమానినే వెంటబెట్టుకొని బయలుదేరాము.

ఏలూరు, భీమవరం, పాలకొల్లు దాటి, చించినాడ వంతెన మీదుగా గోదావరి పాయను దాటితే కోనసీమ. దారిలో పాశర్లపూడి. 1995 జనవరి 8న ఇక్కడి ఓఎన్‌జీసీ బావి పేలి, మంటలు రెండు నెలలకు పైగా ఆరలేదు. ఇప్పుడు రోడ్డుకిరువైపులా కొబ్బరితోటలు ప్రశాంతంగా ఉన్నాయి. యుగాల క్రితం బురదలో పూడిపోయిన జీవరాశే ఈ చమురు, ఈ వాయువు. అల్లాహ్ భూగర్భంలో భద్రపరచిన దానిని మనం ఒక్క తరంలో వెలికితీసి కాల్చివేస్తున్నాము.

యానాం దాటాక కోరింగ. 1978లో అభయారణ్యంగా ప్రకటించిన మడ అడవి ఇది. పాటు సమయంలో మా విద్యార్థి మోకాలిలోతు బురదలో దిగి ఒక గొట్టాన్ని నిలువుగా దించాడు. పైకి తీస్తే నల్లని మట్టి, కుళ్ళిన గుడ్డు వాసన. నీట మునిగిన బురదలో గాలి ఆడదు. అందుకే రాలిన ఆకూ వేరూ త్వరగా కుళ్ళవు, వాటిలోని కర్బనం అక్కడే నిలిచిపోతుంది. పాక్ జలసంధిలో సముద్రపు ఆవులు మేసే సముద్రపు గడ్డి కింద కూడా ఇదే జరుగుతుందట. అది నాచు కాదు, నీటిలోనే పూలు పూసే నిజమైన మొక్క.

ఆ మట్టిని ముక్కలుగా కోసి, ఎండబెట్టి, తూచి, 550 డిగ్రీల వేడిలో కాలుస్తారు. తగ్గిన బరువును బట్టి కర్బనాన్ని అంచనా కడతారు. గవ్వలలోని సున్నపు కర్బనాన్ని ఈ లెక్కలో కలపరాదు. ఒక కిలో కర్బనమంటే సుమారు 3.67 కిలోల బొగ్గుపులుసు వాయువు.

మమ్మల్ని ఆకట్టుకొన్నది మరొకటి. గొట్టం దిగేటప్పుడు లోపలి బురద అణగిపోతుంది. కనుక గొట్టం లోపల బురద ఎంత లోతున ఉందో, బయట ఎంత ఎత్తున ఉందో రెండూ కొలిచి, ఆ తేడాను సవరిస్తారు. సవరించకపోతే తక్కువ లోతును ఎక్కువ కర్బనంగా చూపించవచ్చు. తూనికలలో మోసం చేసేవారిని హెచ్చరించిన ముతఫ్ఫిఫీన్ సూరా మాకు ఆ బురదలో గుర్తుకువచ్చింది.

"మా తోటలో ఇలా ఎవరూ తవ్వలేదే" అన్నారు యజమాని.

నిజమే. ఆ పత్రంలో ఎకరానికి ఇంతని ఒక అంకె ఉంది, అది ఎలా వచ్చిందో లేదు. ముసలి చెట్లను నరికితే లెక్క ఏమవుతుందో లేదు. కొనేవారెవరో కూడా లేదు. చమురు బావులలో మిగిలిపోయిన నూనెను బయటకు నెట్టడానికి బొగ్గుపులుసు వాయువును లోపలికి ఎక్కిస్తారని, 1972 నుండి టెక్సాస్‌లో ఈ పద్ధతి నడుస్తున్నదని మా విద్యార్థి చెప్పాడు. లోపల నిలిచిన వాయువును దాచినట్లు వ్రాసుకొని, బయటికొచ్చిన చమురు కాలితే వెలువడే వాయువును వ్రాయకపోతే అది ఎటువంటి లెక్క?

ఈ మూడు ప్రశ్నలూ సంస్థకు వ్రాసి పంపమనీ, జవాబు వచ్చాక ముఫ్తీల ముందు పెడదామనీ, అంతవరకు సంతకం వద్దనీ చెప్పాము. ఆయన ఒప్పుకొన్నారు.

తిరుగు ప్రయాణంలో హనుమాన్ జంక్షన్ దాకా ఆయన మాట్లాడలేదు. అక్కడ టీ త్రాగుతూ నెమ్మదిగా అన్నారు: "మౌలానా సాబ్, రాబోయే రెండేళ్ళ కాపు మొన్ననే ఒక వ్యాపారికి అమ్మాను. ఇంకా పూతైనా రాలేదు. మరి అది?"

కాయ పక్వానికి వచ్చే సూచన కనబడనిదే అమ్మవద్దని దైవప్రవక్త (స) వారించిన హదీసును మేము ఏటా బోధిస్తాము. పూతే లేని పంటను అమ్మడం చెల్లదని ఫుఖహాలు చెప్పిన సంగతీ చెబుతాము. మామిడితోటల నడుమ ఇన్నేళ్ళుగా ఉంటూ, చుట్టూ జరిగే బేరాల గురించి ఒక్క రైతునైనా అడగలేదు. వ్యాపారి ఇచ్చిన బయానా సొమ్ము ఆయన కుమార్తె పెళ్ళికి ఖర్చయిపోయింది. పత్రాలు తీసుకొని, ఆ వ్యాపారిని కూడా వెంటబెట్టుకొని జుమా నమాజు తరువాత రమ్మన్నాము.