నులకమంచం సంగతి మర్చిపోయావా మావా?

డెన్వర్,
ఆగస్టు, ఆదివారం సాయంత్రం

ఒరే మావా,

నిన్న ఫోన్ చేసి "సున్నా డిగ్రీల స్లీపింగ్ బ్యాగ్ అరవై డాలర్లకే వస్తోంది, కొనెయ్యనా?" అని అడిగావు. నేను నోరు తెరిచేలోగా మీటింగ్ ఉందని పెట్టేశావు. కొనకు. ఎందుకు వద్దంటున్నానో మెసేజ్‌లో పెడితే నువ్వు చదవవు, బొటనవేలు బొమ్మ పెట్టి ఊరుకుంటావు. అందుకని కూర్చుని ఉత్తరం రాస్తున్నాను. వరంగల్ హాస్టల్ ఖాళీ చేశాక నీకు రాసే మొదటి ఉత్తరం ఇదేననుకుంటా. అదీ పడుకునే సంచి గురించి!

టెక్సాస్‌లో నువ్వుండే ఫ్రిస్కోలో చలి అంటే ఏసీ ఎక్కువైందని అర్థం. నవంబరులో మనం ఎల్క్ వేటకి వెళ్ళేది మీకర్ ఊరు దాటాక ఫ్లాట్ టాప్స్ కొండల్లోకి. క్యాంపు తొమ్మిదిన్నర వేల అడుగుల ఎత్తున పడుతుంది. ఎల్క్ అంటే మన కణుజుకి పెద్దన్న అనుకో, ఎదిగిన పోతు మూడొందల కిలోలు దాటుతుంది. దాన్ని చూస్తామో లేదో దేవుడికెరుక గానీ, సాయంత్రం ఆరు కాకముందే చీకటి పడడం, పొద్దున నాలుగింటికి లేవడం మాత్రం ఖాయం. ఆ మధ్యలో ఎనిమిది తొమ్మిది గంటలు నువ్వూ నీ సంచీనే. రాత్రి నిద్ర లేనివాడు మర్నాడు మంచులో కొండెక్కలేడు, ఎక్కినా చేతిలో తుపాకి నిలవదు.

నా మొదటి ఏడాది కథ నీకు పూర్తిగా ఎప్పుడూ చెప్పలేదు, పరువు పోతుందని. నేనూ నీలాగే సంచి మీద పెద్ద అక్షరాల్లో సున్నా చూసి మురిసిపోయాను. ఆ కంపెనీ పేరు ఇప్పుడెందుకులే. కాన్వాస్ టెంటు, మధ్యలో కట్టెల పొయ్యి, నాకు ఒక మడత మంచం. రాత్రి పదికి టెంటులో బనియన్‌తో తిరిగాం, అంత వెచ్చన. ఒంటిగంటకి పొయ్యి ఆరిపోయింది. నాలుగింటికి గుంజకి వేలాడే థర్మామీటర్ తొమ్మిది చూపించింది. ఫారెన్‌హీట్‌లో తొమ్మిది, అంటే మన లెక్కలో మైనస్ 13. కోటు వేసుకున్నాను, టోపీ పెట్టుకున్నాను, రెండో ప్యాంటు తొడిగాను. అయినా నడుమూ పిరుదులూ రాయిలా గడ్డకట్టుకుపోయాయి.

నా పక్కింటి పెద్దాయనే ఆ క్యాంపుకి పెద్ద. చెప్పానుగా, పోస్టాఫీసులో పనిచేసి రిటైరైన మనిషి. ఆయన టార్చి వేసి చూసి, నన్ను లేవమని, గుర్రం జీను కింద వేసే మందపాటి కంబళి తెచ్చి నా మంచం మీద పరిచాడు. నామీద కప్పలేదు, కింద పరిచాడు. అరగంటలో నిద్రపోయాను.

అప్పుడు గుర్తొచ్చింది మా అమ్మమ్మ. సంక్రాంతికి ఊరెళ్తే వాకిట్లో నులకమంచం మీద పడుకుంటానని పేచీ పెట్టేవాణ్ణి. ఆవిడ ముందు మంచం మీద బొంత పరిచి, ఆ తర్వాతే దుప్పటి ఇచ్చేది. "పైన పది కప్పుకున్నా నులక సందుల్లోంచి కింద గాలి కొడుతుందిరా" అనేది. ఇంజినీరింగ్ చదివి, ఇన్నేళ్ళు ఉద్యోగం చేసి, ఆ ఒక్క ముక్క మర్చిపోయి నేను ఆ మడత మంచం మీద వణికాను.

సంచికి దాని సొంత వేడంటూ ఏమీ లేదు మావా. పొయ్యి నీ ఒళ్ళే. సంచి లోపలి దూది పట్టుకున్న గాలి ఆ వేడిని పోనివ్వకుండా ఆపుతుంది, అంతే. కొత్తగా కుట్టిన బొంత వెచ్చగా ఉండి, ఏళ్ళ తరబడి నలిగి అట్టలా అయిన బొంత చల్లగా ఉండేది ఇందుకే. నువ్వు పడుకోగానే నీ బరువుకి కింద ఉన్న దూది అంతా అణిగిపోతుంది. మూడొందల డాలర్ల సంచైనా వీపు కింద దుప్పటి ముక్కతో సమానమే. అక్కడ పనిచేసేది ప్యాడ్. దాని మీద ఆర్ వాల్యూ అని ఒక అంకె ఉంటుంది, ఎంత ఎక్కువైతే అంత మేలు. 2018లో దీన్ని కొలవడానికి అందరికీ ఒకే పద్ధతి వచ్చింది కాబట్టి, దాని ప్రకారం కొలిచిన అంకెల్ని ఒకదాంతో ఒకటి పోల్చుకోవచ్చు. ఇంకో సుఖం, ఇవి కూడుకుంటాయి. రెండున్న మడత ఫోమ్ మీద నాలుగున్న గాలి ప్యాడ్ వేస్తే ఆరు. అయిదు దాటితే నాకు చాలు. మడత మంచం మీద పడుకున్నా ప్యాడ్ వేయాల్సిందే, నులకమంచం సంగతే.

ఇక నీ సున్నా, అదీ ఫారెన్‌హీట్‌లోనే. యూరప్‌వాళ్ళు 2002లో ఈఎన్ 13537 అని ఒక పరీక్ష పెట్టారు, ఇప్పుడు అది ఐఎస్ఓ 23537 అయింది. మనిషి ఆకారంలో ఉండి వేడి పుట్టించే బొమ్మకి లోదుస్తులు తొడిగి, సంచిలో దూర్చి, ప్యాడ్ మీద పడుకోబెట్టి చల్లటి గదిలో కొలుస్తారు. ప్యాడ్ మీద అన్నాను, గమనించావా? దాంట్లోంచి వచ్చే అంకెల్లో చలికి సంబంధించినవి మూడు. కంఫర్ట్ అంటే ఒక సగటు ఆడమనిషి హాయిగా పడుకునే చలి. లోయర్ లిమిట్ అంటే ఒక సగటు మగవాడు ముడుచుకుని పడుకుని ఎనిమిది గంటలు మెలకువ రాకుండా గడిపే చలి. ఎక్స్‌ట్రీమ్ అంటే నిద్ర సంగతి దేవుడెరుగు, ప్రాణం మిగిలితే చాలనుకునే చలి. మొదటి రెంటికీ మధ్య దాదాపు పది ఫారెన్‌హీట్ డిగ్రీల తేడా ఉంటుంది. మగవాళ్ళ సంచుల మీద పెద్దగా వేసేది చాలాసార్లు ఆ రెండో అంకె. ఏ పరీక్షా లేని సంచి మీదైతే ఎవరిష్టం వాళ్ళది. అరవై డాలర్ల సంచి మీద సున్నా అని మాత్రమే ఉండి, ఏ సున్నానో లేకపోతే, నేను దాన్ని ఇరవై కింద లెక్కేసుకుంటాను. నువ్వు చలికి ఎంత భయపడతావో నాకు తెలుసు కాబట్టి నీకు పాతిక.

మరి చవగ్గా ఏది కొనాలి? నువ్వు చూసే వీడియోలన్నీ వీపున మోసుకుని కొండలెక్కేవాళ్ళవి. వాళ్ళు గ్రాము గ్రాముకీ డబ్బు పోస్తారు. మన సంచిని మోసేది నా ట్రక్కు. ఏడు పౌన్లుంటే ఏమిటి, పది పౌన్లుంటే ఏమిటి? తేలికతనానికి డబ్బు పెట్టకపోతే సగం ఖర్చు అక్కడే మిగులుతుంది. అందుకని బాతు ఈకల డౌన్ జోలికి పోకు. తేలికే, వెచ్చనే, కానీ తడిస్తే ముద్దయిపోతుంది. మన టెంటులో రాత్రంతా మన ఊపిరే గుడ్డకి పట్టి తెల్లారేసరికి చుక్కలుగా రాలుతుంది, పైగా తడి సాక్సులు తాడు మీద వేలాడుతుంటాయి. సింథటిక్ కొను. టీటన్ సెల్సియస్ లాంటివి వంద డాలర్లకి అటూ ఇటూ దొరుకుతాయి. బరువు, లావు, అయినా మనకేం నష్టం? దాని మీదున్న అంకెనీ అంతగా నమ్మకు. ఇంట్లో పాత కంఫర్టర్ ఒకటి తెచ్చి పైన కప్పుకో.

నాకు అంతకన్నా నచ్చింది మిలిటరీ సర్‌ప్లస్ మాల్. మాడ్యులర్ స్లీప్ సిస్టమ్ అంటారు. పలచటి ఆకుపచ్చ సంచి, మందపాటి నల్ల సంచి, పైన నీళ్ళు చొరని తొడుగు. ఒక్కో సంచీ విడిగా వాడుకోవచ్చు, బాగా చలి వేస్తే ఒకదాంట్లో ఒకటి దూర్చి వాటికున్న గుండీలతో కలిపేయొచ్చు. నేను రెండో ఏడాది పాతది నూట నలభైకి కొన్నాను, ఇప్పటికీ అదే. కొనేముందు జిప్పు నాలుగుసార్లు కిందికీ పైకీ లాగి చూడు, వాసన చూడు. పొగచూరిన వాసన పోతుంది గానీ బూజు వాసన పోదు.

ఆకారం దగ్గర నీకు ఇబ్బందే. హాస్టల్లో నీ కాళ్ళు నా మంచం మీదకి వచ్చేవి. మమ్మీలా బిగుసుకుపోయే సంచిలో నువ్వు అరగంట ఉండలేవు. అలాగని మరీ వెడల్పుదైతే ఆ ఖాళీ గాలినంతా నీ ఒళ్ళే వేడి చేయాలి. దుప్పటి ఉన్నంతవరకే కాళ్ళు చాపుకోవాలంటారు కదా, ఆరడుగుల రెండంగుళాల మనిషివి, లాంగ్ సైజే తీసుకో. కాలివేళ్ళు చివర తన్నుకుంటే అక్కడి దూది అణిగి, ముందు వేళ్ళే గడ్డకడతాయి. జిప్పు వెనకాల పొడుగునా దూది గొట్టం, మెడ దగ్గర కాలరు ఉన్నాయో లేదో చూడు. లేనిది ఎంత చవకైనా వద్దు.

మిగతావి అక్కడికొచ్చాక చెబుతాను. వేడినీళ్ళ సీసా సాక్సులో పెట్టి కాళ్ళ దగ్గర వేసుకోవడం, పగలు చెమట పట్టిన బట్టలతో లోపల దూరకపోవడం, ముఖం సంచిలోకి ముడుచుకుని ఊపిరి వదలకపోవడం, ఇవన్నీ ఒక్క రాత్రిలో అలవాటవుతాయి. ఒకటి మాత్రం ముందే చెప్పాలి. గ్యాస్ హీటర్ తెస్తానన్నావు. దాన్ని వెలిగించి టెంటులో నిద్రపోవడానికి నేను ఒప్పుకోను. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు.

అన్నట్టు, మా అమ్మకి క్యాంపింగ్ అని మాత్రమే చెప్పాను. మీ ఇంట్లో ఏం చెప్పావో ముందే నాకు చెప్పు, మాటలు కలవాలి.

మడత ఫోమ్ ప్యాడ్లు నా దగ్గర రెండున్నాయి. ఒకటి నీకు. గాలి ప్యాడ్ ఒక్కటే నువ్వు కొనుక్కో.

ఇట్లు,
నీ పాత రూమ్మేటు